మీ నాయన కొట్టం సంగతి

శ్రీరంగాపూర్
17 జూలై 2005, ఆదివారం

చి.ల.సౌ. జమ్ములమ్మకు శ్రీశైలం రాయునది.

ఇక్కడ నేనూ, నాతో పనిచేసేవాళ్లూ ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ బల్మూర్‌లో నువ్వూ, మా అమ్మా, బిడ్డ శిల్పా బాగున్నారని నీ ఉత్తరం చూసి నిమ్మళించాను. ఉత్తరమన్నాక మొదట బాగున్నామని రాయాలి కాబట్టి రాశాను. చివరిదాకా చదివిన తరువాత నువ్వు ఆ మాట కొట్టేసుకున్నా నేనేమీ అనుకోను.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. ఈ కాగితం నువ్వొక్కదానివే చదువు. శిల్ప నాలుగో తరగతికి వచ్చింది, గడగడా చదువుతుందని ఏ కాగితం దొరికినా దాని చేతికిస్తావు. అది చదివితే అమ్మ వింటుంది. అమ్మ వింటే వాడకట్టంతా వింటుంది. ఫోన్‌లో చెబుదామని పెబ్బేరు దాకా పోయి, బూత్‌లో నంబరు కలిపి, మోగకముందే పెట్టేశాను. వెనక జనం తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. అవతల కిరాణం దుకాణం వాడు నిన్ను కేకేసి పిలవాలి, నువ్వు చేతులు తుడుచుకుంటూ రావాలి. ఇది అట్లా చెప్పే మాట కాదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. నా కాలిలో దిగిన మేకు గాయం మానింది. ఇక్కడి దవాఖానలో సూది వేశారు, జ్వరం రాలేదు. ఆ మేకు పాత కట్టెది కాదు. ఎవడో మొన్నమొన్న రేకులు వేయడానికి కొట్టి వదిలేసింది. అమ్మ కండ్లకు మసక పెరుగుతోందని రాశావు. అచ్చంపేటలో కంటి డాక్టర్లు వచ్చినప్పుడు తీసుకుపో, ఆమె రానని మొండికేస్తే నేను తిట్టానని చెప్పు. బర్రె ఈనిందని, పెయ్యదూడ అని చదివి సంతోషమైంది. శిల్ప అడిగిన కంపాస్ డబ్బా కొన్నాను. మా గుంపు పెద్ద ఫకీరన్న వచ్చే వారం నాగర్‌కర్నూల్ పోతాడు, అక్కడి నుంచి మనూరి బస్సు కండక్టర్‌కు ఇచ్చి పంపిస్తాడు.

ఇక మీ నాయన ఎద్దుల కొట్టం. నీ ఉత్తరంలో సగం దాని గురించే ఉంది. మీ నాయన మనిషితో కబురంపాడని, తన కొట్టాన్ని పట్నంలో ఉన్నదున్నట్టు నిలబెట్టారని, జనం దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారని రాశావు. బోరింగు దగ్గర ఆడవాళ్లందరికీ చెప్పుకున్నావట. దసరా సెలవులకు మీ నాయనను వెంటబెట్టుకుని శిల్పను తీసుకుపోయి చూపిస్తానన్నావు. అక్కడి వాళ్లకు ముందే చెప్పి ఉంచమని నాకు పని కూడా అప్పగించావు. ఆ ముక్క చదివి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. మూడు రోజులు జవాబు రాయలేదు. నువ్వు పట్నానికి పోకూడదు జమ్ములమ్మా. ఎందుకు పోకూడదో రాయడానికే కూర్చున్నాను.

మొదటి నుంచి చెప్తాను. నా పని నీకు తెలుసు. ఎవరి ఇల్లు వంగిందో, ఎవరి కొట్టం ఖాళీ అయిందో అక్కడికి పోవడం, కట్టె విప్పడం, లారీకెక్కించి వనపర్తి కట్టెల అడితికి అమ్మకానికి తోలడం. పెండ్లయిన కాడి నుంచీ ఇదే. గద్వాల దిక్కు ఎన్ని విప్పానో, వనపర్తి దిక్కు ఎన్ని విప్పానో నాకే లెక్క లేదు. ఒక్కటంటే ఒక్కటి నిలబెట్టలేదు. నన్ను చూసి ఊర్లలో ముసలివాళ్లు తలుపు దగ్గరికేసుకుంటారు, చావు కబురు తెచ్చినవాణ్ని చూసినట్టు. అందుకే మాఘమాసంలో అడితి సేటు పిలిచి, పట్నం అవతల ఒకాయన పాత కొట్టం మొత్తానికి మొత్తం నిలబెట్టిస్తాడట, మంచిది ఎక్కడుంది శ్రీశైలం, నిలబెట్టే పనికి నిన్నే మేస్త్రిని చేస్తా అన్నప్పుడు నా కడుపు నిండిపోయింది. సగం మాటలు నేను విననే లేదు. మేస్త్రి అన్నది ఒక్కటే వినిపించింది.

మంచిది ఎక్కడుందో నాకు ఆలోచించే పని లేదు. మీ కొట్టమే. మన పెండ్లప్పుడు మావాళ్లం విడిది దిగింది అందులోనే కదా. కరువులో ఎద్దులు పోయిన నాటి నుంచి అది ఖాళీగా ఉంది. మిద్దె మీద ఏటేటా సౌడు మట్టి పోయాలి, పోసే మనుషులు లేరు, ఒక మూల నీరు దిగుతోంది. మీ నాయన ఎంతమంది బేరగాళ్లను వాకిట్లోంచే పంపేశాడో నీకు తెలుసు. నేను పోయి కూర్చుని నీళ్లు తాగి మాట ఎత్తుకున్నాను.

"మామా, పట్నంల ఒకాయన పాత పద్ధతిల కొట్టం నిలబెట్టిపిస్తడంట. కోసుడు గీసుడు లేదు. గుంజకు గుంజ, దూలానికి దూలం. మీది అడుగుతుండు."

ఆయన కొట్టం దిక్కు తిరిగాడు.

"ఎవలు నిలబెడ్తరు?"

"మేమే. నన్ను మేస్త్రిని జేస్తనన్నడు సేటు."

"నువ్వు నిలబెడ్తవా?"

"నేనే నిలబెడ్త మామా."

"అయితే తీస్కపోండ్రి. నువ్వు చెప్పినవు, సాలు."

అంతే. కొనేవాడి పేరేంటి, ఊరేంటి, కాగితం రాసిస్తారా, ఒక్కటి అడగలేదు. బేరగాడు వస్తే పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడే మనిషి. నేను మధ్యలో ఉన్నాను కాబట్టి నోరు కట్టేసుకున్నాడు. అల్లుణ్ని గుచ్చిగుచ్చి అడిగితే అనుమానించినట్టు అవుతుందని మీ ఇంటి మర్యాద. నేనేమో సేటును అడగలేదు. అడిగితే మేస్త్రి పని ఇంకొకడికి ఇస్తాడని భయం. ఆయన నన్ను అడగలేదు, నేను సేటును అడగలేదు. అట్లా పోయింది మీ కొట్టం.

విప్పడానికి పోయిన రోజు మీ ఊరివాళ్లు గోడల మీద కూర్చున్నారు. అల్లుణ్ని మీ ఇంట్లో చెంబెడు నీళ్లు తోడుకోనివ్వరు కదా, అటువంటిది నేను చిరిగిన బనీనుతో మిద్దె ఎక్కాను. ఎవరో ఉండబట్టలేక, "ఏంది నాగన్నా, అల్లునితోటి కొట్టం పీకిపిస్తున్నవా?" అన్నారు. మీ నాయన తలెత్తకుండానే, "పీకిపిస్తలేను. పట్నానికి సాగనంపుతున్న," అన్నాడు. మీ అమ్మ ఆ మాట విని లోపలికి పోయింది. ఆమె ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది.

నువ్వు ఆ కొట్టంలో ఆడుకుని పెరిగావు, కానీ దాని లోపల ఏముందో నీకు తెలియదు. మీ నాయనకూ తెలియదు. నాకు తెలిసింది. పైన మట్టి దించి, కంప తీసి, వాసాలు ఎత్తేసిన తరువాత దూలాలు బయటపడ్డాయి. మొత్తంలో ఒక్క ఇనుప మేకు లేదు. అన్నీ తుమ్మ కట్టె చీలలు. ఒక దూలం కొస ఇంకో దూలం కొసలోకి పోయి గుంజ తల మీద కూర్చునేది. రెండూ కలిసిన చోట వెంట్రుక దూరే సందు లేదు. చీలను ఏటవాలుగా కొట్టాడు, అది కట్టిన ఆ మహానుభావుడు. పైన మట్టి బరువు పడే కొద్దీ అతుకు బిగుసుకుంటుంది తప్ప వదలదు. ఇన్ని వానలు తడిసినా, ఇన్ని ఎండలు కాసినా కదలకుండా ఉన్నదంటే అందుకే.

నన్ను కొట్టిపడేసింది అది కాదు. అతుకు విప్పినప్పుడు లోపలి ముఖం చూశాను. విప్పితే తప్ప ఎవరి కంటా పడని చోటు. అక్కడ కూడా చిత్రిక పట్టి నున్నగా చేశాడు, ఆముదం పూశాడు. ఎవరు చూస్తారని చేశాడో! లోపల కట్టె రంగు ఇంకా ఎర్రగా ఉంది, కొత్తగా కోసిన వాసన వచ్చింది. కట్టినవాడి తరువాత దాన్ని చూసినవాణ్ని నేనే. నా తరువాత ఎవడూ చూడడు. అప్పుడు నేను అట్లా అనుకోలేదులే, గర్వంగానే ఉంది. ఫకీరన్న కూడా చెయ్యి పెట్టి తడిమి, "గిసుంటి పని మనతోని గాదు శ్రీశైలం. విప్పుతె జర పైలంగ విప్పు," అన్నాడు. ప్రతి అతుకు దగ్గరా ఉలితో గాట్లు పెట్టి ఉన్నాయి, దేనికి ఏది జతో తెలియడానికి. ఎప్పుడో ఒకనాడు విప్పుతారని, మళ్లీ నిలబెడతారని ఆయన అప్పుడే అనుకున్నాడేమో.

గుంజల సంగతి ఇంకా చెప్పాలి. అవి నల్లమద్దివి. మీ తాత మా దిక్కు అడవిలోంచి బండ్ల మీద తోలించి, కృష్ణ దాటించాడట. కట్టే మా దిక్కుది, అల్లుడూ మా దిక్కువాడు అని మీ నాయన నవ్వేవాడు. ఒక్కో గుంజకు ఎద్దు భుజం ఎత్తు వరకు అంచులు గుండ్రంగా చెక్కి ఉన్నాయి, పశువుకు గీసుకోకుండా. ఆ పైన అంచులు కత్తిలా ఉన్నాయి, అక్కడ పశువు తగలదు కాబట్టి అక్కడ పని దండగ చేయలేదు. ఎద్దులు మెడ రుద్దుకుని రుద్దుకుని నడుమెత్తున అద్దంలా మెరిసే చోటొకటి ఉండేది కదా, దాని మీద ముఖం చూసుకునేదాన్నని నువ్వే చెప్పావు.

గుంజలు దించాక మీ నాయన సున్నం, పసుపు కలిపి తెచ్చాడు. ప్రతి గుంజకూ వేరు దిక్కు ఉండే మొదలుకు తన చేత్తో పూశాడు. "అల్లుడా, మొదలు కిందికి, కొస మీదికి. చెట్టు ఎట్ల మొలిసిందో గట్లనే నిలబెట్టాలె. తలకిందులు పెట్టినోని ఇల్లు నిలువదు," అన్నాడు. అది మా పనివాళ్లందరికీ తెలిసిందే, అయినా మొదటిసారి విన్నట్టు తలూపాను. లారీ కదిలితే వెనకే పెద్ద రోడ్డు దాకా నడిచొచ్చాడు.

ఆ తరువాత సేటు నన్ను నిలబెట్టడానికి పిలవలేదు. ఇదిగో పిలుస్తా, అదిగో పిలుస్తా అంటూ శ్రీరంగాపూర్ పంపాడు, ఇక్కడ ఒక పాత ఇల్లు విప్పాలని. మీ నాయన నుంచి కబురు మీద కబురు. నిలబెట్టుడు అయిపోయిందా, ఎప్పుడు చూపిస్తవు అని. చివరికి ఆయనే బయలుదేరి వచ్చాడు, ఉతికిన పంచె కట్టుకుని, సంచిలో కొబ్బరికాయ పెట్టుకుని. ఇక తప్పక పోయిన నెలలో పట్నం తీసుకుపోయాను. దారంతా చెబుదామనే అనుకున్నాను. జడ్చర్ల దాటాక చెబుదాం, షాద్‌నగర్ దాటాక చెబుదాం అనుకుంటూ బస్సు దిగిపోయాం. నాకు అప్పటికే ఎంత తెలుసో కింద రాస్తాను.

అది పెద్దోళ్లు కార్లలో వచ్చి తిని, పడుకుని పోయే తోట. గేటు దగ్గర కావలి మనిషి మా పంచెలు చూసి ఆపాడు. మా కొట్టం లోపలుంది, చూసిపోతాం అంటే నవ్వాడు. అప్పుడు నేను, మేం పనోళ్లం, కట్టె చూడమని సేటు పంపిండు అన్నాను. అట్లయితే వెనక నుంచి పోండ్రి అన్నాడు. మీ నాయనను వంటింటి వెనక దారి నుంచి, గిన్నెలు తోముతున్నవాళ్ల మధ్య నుంచి తీసుకుపోయాను జమ్ములమ్మా, తన కొట్టం చూసుకోవడానికి.

కొట్టం లేదు. సిమెంటు స్లాబు కింద అన్నం తినే హాలు. నాలుగు మూలలా మన గుంజలు నాలుగు, నూనె రాసి నల్లగా మెరిసిపోతూ. అవి బరువేమీ మోయడం లేదు, స్లాబు తన కాలమ్ముల మీద తను నిలబడింది. పైన దూలాల మాదిరి సిమెంటుతో పోసి చెక్క రంగు పూశారు. గోడకు బండి చక్రం వేలాడదీశారు. గుంజ పక్కన పలక మీద, ఏదో సంస్థానం రాజుగారి గుర్రపుశాల స్తంభాలు అని రాసి ఉంది.

మీ నాయన దగ్గరకు పోయి గుంజ మీద చెయ్యి వేశాడు. నడుమెత్తున తడిమాడు. అంచు పదునుగా తగిలింది. ఇంకా కిందికి తడిమాడు, అంతా పదునే. అప్పుడు తల పైకెత్తాడు. ఎద్దుల మెడ రుద్దిన మెరుపు పైన, స్లాబు కింద, ఎవరికీ అందని చోట ఉంది. నాలుగింటికి నాలుగూ తలకిందులే. మీ నాయన పూసిన సున్నం నూనెతో తుడిచేశారు. ఎటు అందంగా కనబడితే అటు పెట్టేశారు.

అదే సమయానికి అక్కడి మేనేజరు, పట్నం ఆడవాళ్లు కొందరిని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లలో ఒకామె గుంజను నిమిరి, ఎంత పనితనం, ఇప్పుడు ఇటువంటి చేతులెక్కడున్నాయి అంది. ఆమె మనసారానే అంది, ఆమెను నేనేమీ అనను. మేనేజరు పైన మెరుస్తున్న చోటు చూపించి, అక్కడ రాజుగారు దీపాలు వేలాడదీసేవారు, గొలుసుల రాపిడికి అట్లా అరిగింది అని చెప్పాడు. తరువాత మీ నాయన దిక్కు తిరిగి, "ఏం పెద్దాయనా, బాగుందా?" అన్నాడు.

"అవు సారూ. మంచిగున్నది," అన్నాడు మీ నాయన. చేతులు కట్టుకుని అన్నాడు.

కొబ్బరికాయ సంచిలోనే ఉండిపోయింది.  బస్సులో నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నన్ను తిడితే బాగుండునని కొత్తకోట దాకా ఎదురుచూశాను. పెబ్బేరులో నేను దిగాలి, ఆయన మానవపాడు పోవాలి. బస్సు ఆగితే ఆయనా దిగాడు, చాయ్ తాగుదాం రమ్మన్నాడు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి అన్నాడు.

"మిగిలిన కట్టె ఏమైందో నేను అడుగను. నువ్వు చెప్పకు."

"మామా, నేను..."

"చెప్పకంటున్న. నువ్వు నిలబెడ్తనన్నవు, నేనిచ్చిన. ఇచ్చినోన్ని నేను. గుంజలు తలకిందులు పెట్టిండ్రు చూడు, గదొక్కటి నా కండ్ల పడకపోతే బాగుండు." చాయ్ డబ్బులు తీసి పెట్టి, "జమ్ములమ్మకు తెల్వద్దు. మొత్తం నిలబెట్టిండ్రని నేనే కబురంపుత. నువ్వు గూడ గదే చెప్పాలె," అన్నాడు.

"ఎందుకు మామా?"

"అది నీతోని బతకాలె గద."

నీకు వచ్చిన కబురు అదీ. మీ నాయన అబద్ధమాడడని నువ్వు పది మందిలో చెప్పే మనిషివి. ఆయన ఆడాడు. నా కోసం ఆడాడు. ఇప్పుడది ఆయన చేతిలో లేదు. ఫకీరన్న పోయిన వారం మీ ఊరి మీదుగా వస్తూ చాయ్ హోటల్ దగ్గర ఆగాడట. మీ నాయన అక్కడ కూర్చుని చెబుతున్నాడట, వాసాలు కూడా అదే వరుసలో పెట్టారని, రాత్రయితే కరెంటు బల్బులు వెలుగుతాయని, మా అల్లుడే దగ్గరుండి నిలబెట్టించాడని. మమ్మల్నీ ఒకసారి తీసుకుపో నాగన్నా అని వాళ్లంటే, పోదాం, వానలు తగ్గనీయండి అంటున్నాడట. ఫకీరన్న ఆ మాట చెప్పి నా ముఖం చూడకుండా బీడీ ముట్టించుకున్నాడు. నువ్వు దసరాకు పట్నం పోదామంటే ఆయన ఏం చెప్పి తప్పించుకుంటాడు? కాళ్లనొప్పులంటాడు, జ్వరమంటాడు. నీ ముందు కూర్చుని ఇంకో అబద్ధం, దాని మీద ఇంకోటి. ఈ వయసులో ఆయనను ఆ పనికి పెట్టినవాణ్ని నేను. అందుకే ఆయనకిచ్చిన మాట తప్పి నీకు రాస్తున్నాను. ఇంతకు ముందిచ్చిన మాట నిలబెట్టుకున్నానా, ఇది తప్పడానికి జంకడానికి?

ఇక ఆయనకు చెప్పనిది, ఫకీరన్నకు కూడా చెప్పనిది ఒకటుంది. ఇంత రాసి ఇది దాస్తే నీకు రాసినదంతా వట్టిదవుతుంది.

పట్నం పోకముందు ఒక రోజు పలుగులు తేవడానికి వనపర్తి అడితికి పోయాను. మన నడిమి దూలం కోత మిషన్ మీద ఉంది. పక్కన మిగిలిన దూలాలు అప్పటికే దర్వాజా పట్టీలై పేర్చి ఉన్నాయి. ఒక పట్టీ కొసకు ఆ నున్నటి అతుకు సగం, చీల బెజ్జం సగం కనబడుతున్నాయి. సేటు దగ్గరకు పరుగెత్తాను. ఆయన నవ్వుతూనే, "పట్నంల మట్టి మిద్దె ఎవడు ఏసుకుంటడు శ్రీశైలం? వాళ్లకు గుంజలే కావాల్నంట. నువ్వు పరేషాన్ గాకు, ఇంకో పని సూస్త నీకు," అన్నాడు. ఆయన గల్లా పట్టుకోవాల్సింది. కనీసం లారీకి అడ్డం పడుకుంటాననాల్సింది. నేను సరే సేటూ అన్నాను.

అది కూడా కాదు నేను చెప్పాలనుకున్నది. వెనక్కి వస్తుంటే మిషన్ దగ్గరి మనిషి, దూలం పొడవుంది, కొస ఊగుతోంది, "జర పట్టు అన్నా," అన్నాడు. పట్టాను. ఎవరో బరువెత్తుతుంటే చెయ్యి వేయడం అలవాటైన చేతులు, నన్ను అడగలేదు. రంపం అతుకు దగ్గరికి వచ్చినప్పుడు దూలం నా చేతుల్లో అదిరింది. వదల్లేదు. వదిలితే వంకర కోస్తుందని, కట్టె పాడవుతుందని చివరిదాకా కదలకుండా పట్టుకున్నాను. మీ నాయనకు నిలబెడతానని చెప్పిన కొట్టాన్ని చక్కగా కోసిపెట్టాను. ఆ రోజు నుంచి ఆ చేతులతో అన్నం తింటుంటే నాకు రోత పుడుతోంది. పని మాత్రం మానలేదు. ఇక్కడ ఇల్లు విప్పుతూనే ఉన్నాను. మొన్న ఈ ఇంటి ముసలామె, మల్ల ఏడనన్న నిలబెడ్తరా బిడ్డా అని అడిగింది. నాకు తెల్వదు పెద్దమ్మా అన్నాను.

నన్ను నువ్వు ఏమన్నా అను. ఉత్తరం రాసి తిట్టు, రాయకుండా ఊరుకుని శిక్షించు, నేను పడతాను. మీ నాయనకు మాత్రం నీకు తెలిసిందని తెలియనివ్వకు. దసరాకు పట్నం ప్రయాణం నువ్వే మానేసినట్టు చెప్పు, శిల్పకు సెలవుల్లేవనో, బర్రెను వదిలి రాలేననో. బోరింగు దగ్గరి ఆడవాళ్లు అడిగితే నీ ఇష్టం.

వచ్చే నెల రాఖీకి మీ తమ్ముడి కోసం ఎట్లాగూ పుట్టింటికి పోతావు కదా. పెరట్లో కొట్టం ఉన్న చోట ఇప్పుడు గుంతలున్నాయి, అటు చూసి ఏడవకు. అన్నం తిన్నాక మీ నాయన పక్కన కూర్చో. పట్నంలో కొట్టం ఎట్లా నిలబెట్టారు నాయనా, చెప్పు అని నువ్వే అడుగు. నువ్వు అడగకపోతే అనుమానమొచ్చిందని ఆయన నిద్రపోడు. వాకిలి ఏ దిక్కుకు పెట్టారో, దూలాలు ఎట్లా ఎక్కించారో అన్నీ చెబుతాడు. గుంజలు సరిగా నిలబెట్టారా అని మాత్రం అడగకు. ఆయన చెప్పినంతసేపూ విను జమ్ములమ్మా, నమ్మినట్టు విను.

ఇట్లు,
మీ ఇంట్లో ఇంకా అల్లుడిగా చలామణి అవుతున్న
నీ పెనిమిటి
శ్రీశైలం